ఆరు గంటల ఇంజక్షన్

నా కుడికాలికి, మడమకు జానెడు పైన లోపలివైపు, ఒక మచ్చ ఉంది. పైభాగమంతా సన్నటి గీత. కింది చివర మాత్రం రూపాయి బిళ్లంత మేర చర్మం గుంజుకుపోయి, నల్లబడి, ఎముకకు అంటుకుపోయి ఉంటుంది. గీత ఆపరేషన్‌ది, గుంట ఇన్‌ఫెక్షన్‌ది. విరిగిన ఎముక కంటే ఆ గుంటే నన్ను ఎక్కువ ఏడిపించింది.

నేను ఆర్టీసీలో కంట్రోలర్‌ని. ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలింది, ఎందుకు లేటయింది, ఇవి రాయడమే నా పని. 2021 ఆగస్టులో ఒక రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే వానకు కొట్టుకొచ్చిన ఇసుక మీద బండి జారింది. బండి నా కాలి మీదే పడింది. ఎక్స్‌రేలో పిక్క కింద రెండు ఎముకలూ విరిగి కనిపించాయి. చర్మం చిట్లలేదు కాబట్టి అంత భయం లేదన్నారు. వాపు ఎక్కువగా ఉందని సిమెంటు పట్టీ వేసి పడుకోబెట్టారు. వాపు తగ్గి చర్మం మీద ముడతలు కనబడేదాకా కొయ్యకూడదట. ఆరు రోజులు నా కాలి ముడతల కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూశాం. ఆ పరీక్షల్లోనే నాకు షుగర్ ఉందని మొదటిసారి తెలిసింది, 236.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం వార్డుబాయ్ వచ్చి మోకాలి నుంచి పాదం దాకా బ్లేడుతో గొరిగాడు. పొడి చర్మం మీద గబగబా లాగేసరికి రెండుమూడు చోట్ల రక్తం చుక్కలు తేలాయి. దూదితో అద్దుకున్నాను. అది లెక్కలోకి వచ్చే విషయమని అప్పుడు తెలియదు.

తెల్లారి ఐదున్నరకి సిస్టర్ ముంజేతికి యాంటీబయాటిక్ టెస్ట్ డోస్ వేసి, ఆ చోట చుట్టూ నీలం పెన్నుతో సున్నా గీసింది. దద్దురు రాలేదు. ఆరింటికి అదే మందు నరానికి ఎక్కించి, "ఎనిమిదింటికి మీదే మొదటి కేసు" అంది. ఏడున్నరకి రోడ్డు ప్రమాదం కేసొకటి వచ్చింది. ప్రాణం మీదకు వచ్చిన మనిషిని ముందు తీసుకున్నారు, అది న్యాయమే. నన్ను పిలిచేసరికి పన్నెండు కావస్తోంది. నడుముకి మత్తిచ్చారు, తొడకి రబ్బరు పట్టీ చుట్టి గాలి నింపారు. కాలు కోస్తుంటే రక్తం రాకుండా ఉండటానికట. నాకు స్పృహ ఉంది కాబట్టి అన్నీ వినిపిస్తున్నాయి. చేతిమీద నీలం సున్నా ఇంకా చెరిగిపోలేదు. మందు ఇచ్చారా అని అక్కడ ఎవరూ ఎవర్నీ అడగలేదు. నేనూ అడగలేదు. పొద్దున పడింది కదా అనుకున్నాను.

ఆపరేషన్ తర్వాత మాత్రం మందులే మందులు. ఐదు రోజులు రెండు రకాల ఇంజక్షన్లు, ఇంటికొచ్చేటప్పుడు పదిరోజుల మాత్రలు. "ఇన్ని మందులు పడుతున్నాయంటే ఇక భయం లేదులే" అంది మా ఆవిడ. నేనూ అదే నమ్మాను. నాకు తెలిసిన ప్రతి ఇంట్లో ఇదే నమ్మకం. మందుల సంచి ఎంత బరువుంటే వైద్యం అంత గట్టిదని.

పన్నెండో రోజున కుట్లు తీశారు. కింది చివర ఒక్క చోట చెమ్మగా ఉంది. "ఆరిపోతుంది" అన్నారు. నాలుగు రోజులకు ఆ చోట ఎర్రబడి, రాత్రిళ్లు చలిజ్వరం మొదలైంది. ఒక పొద్దున లేచి చూస్తే పట్టీ పసుపుపచ్చగా తడిసి ఉంది. డ్రెస్సింగ్‌కి పోతే కట్టు గుడ్డ ఊడదీసి రెండు వేళ్లతో నొక్కారు, చీము పొంగి వచ్చింది. ఆ వాసన ఎలా చెప్పను? కుళ్లిన వాసన కాదు, పులిసిపోయిన తీపి వాసన లాంటిది. గదిలో ఊదుబత్తి వెలిగించినా పోయేది కాదు. మా చిన్నది గుమ్మం దగ్గరే నిలబడి, "నాన్నా, టీ ఇక్కడ పెడుతున్నా" అనేది. ఆ పిల్లని తప్పుపట్టలేదు. దుప్పటి మాత్రం గట్టిగా కప్పుకునేవాణ్ణి.

నెలరోజుల్లో మూడుసార్లు మాత్రలు మార్చారు. ఒక్కో కోర్సు మొదలవగానే రెండ్రోజులు చీము తగ్గేది, మళ్లీ మొదలయ్యేది. చీమును పరీక్షకు పంపిన పాపాన పోలేదు.

దసరాకి మా మేనల్లుడు వచ్చాడు, ఫార్మ్ డి, అంటే మందుల కోర్సు చదువుతున్నాడు. కాలు చూసి మొదట అడిగిన మాట, "కల్చర్ పంపారా మామా?" నాకు ఆ మాటే తెలియదు. చీములో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్షట. రెండ్రోజుల్లో హైదరాబాద్ తీసుకుపోయాడు.

అక్కడి డాక్టర్ అన్ని కాగితాలూ చూసి, "రేపట్నుంచి యాంటీబయాటిక్స్ అన్నీ ఆపేయండి. రెండు వారాలు" అన్నాడు. నేను తప్పు విన్నాననుకున్నాను. చీము కారుతున్న కాలికి మందులు ఆపడమా? ఆయన కూర్చోబెట్టి చెప్పాడు. ఎముక కలపడానికి ఆపరేషన్‌లో బిగించిన లోహపు ప్లేటు మీద బ్యాక్టీరియా జిగురులాంటి పొర కట్టుకుని లోపల దాక్కుంటుంది. సగం సగం మందులు దాన్ని చంపవు, పరీక్షలో దొరక్కుండా మాత్రం చేస్తాయి. అసలు ముద్దాయి ఎవరో తెలియాలంటే మందు ఒంట్లోంచి పోవాలి, లోపలి ముక్కలు తీసి పరీక్షించాలి, పైన కారే చీము చూసి తేల్చలేం. జ్వరం పెరిగినా, ఎరుపు పైకి పాకినా ఆ క్షణమే రమ్మని ఫోన్ నంబరు ఇచ్చాడు. ఆ పద్నాలుగు రాత్రులూ నిద్రలేదు. గంటకోసారి ఫోన్ లైటు వేసి కాలు చూసుకునేవాణ్ణి, ఎరుపు అంచున నేనే పెన్నుతో గీసుకున్న గీత దాటిందా అని.

నవంబరులో గాయం మళ్లీ తెరిచారు. ఐదు వేర్వేరు చోట్ల నుంచి ముక్కలు తీసి, తీశాకే బల్ల మీద మందు ఎక్కించారు. చచ్చిన కండ తీసేసి శుభ్రం చేశారు. ప్లేటు గట్టిగానే ఉంది కాబట్టి ఎముక అతికేదాకా ఉంచారు. పరీక్షలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అని వచ్చింది. మనుషుల ముక్కులో, చర్మం మీద మామూలుగా కాపురముండేదే. మొండి రకం కాదు, సాధారణ మందులకు లొంగేదే అన్నారు. అది విన్నప్పుడు సంతోషమూ కలిగింది, కడుపూ మండింది. సాధారణ మందుకు లొంగేది నా కాల్లో రెండు నెలలు ఎలా ఉండగలిగింది?

రెండు వారాలు నరం ద్వారా మందు, తర్వాత మాత్రలు, మొత్తం పన్నెండు వారాలు. గాయం చాలావరకు పొడిబారాక రిఫాంపిసిన్ అనే మరో యాంటీబయాటిక్ కలిపారు. దానితో మూత్రం నారింజ ఎరుపులోకి మారుతుందని డాక్టర్ ముందే చెప్పాడు కానీ ఇంట్లో చెప్పడం మరిచాను. మా ఆవిడ చూసి రక్తమనుకుని ఏడ్చేసింది. మధ్యలో రెండుసార్లు లివర్ పరీక్షలు. సంక్రాంతి నాటికి ఒక పొద్దున మేజోడు విప్పితే పొడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఉత్త మేజోడు వాసన. మర్నాడూ అంతే. మూడో రోజు మా ఆవిడకు చూపించాను.

కాస్త నడుస్తున్నాక మొదటి ఆసుపత్రిలో నా కేసుషీటు నకలు అడిగాను. రోగి అడిగితే డెబ్భై రెండు గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. మూడుసార్లు తిరిగితే ఇచ్చారు. వైద్యం నాకు అర్థం కాదు కానీ టైములు చదవడం నా వృత్తి. సెఫజోలిన్, అంటే ఆ పొద్దుటి యాంటీబయాటిక్, రెండు గ్రాములు, ఉదయం 6:00. కోత మొదలు, మధ్యాహ్నం 12:20. మధ్యలో మరో డోసు లేదు. తర్వాతి డోసు సాయంత్రం 6:00.

మేనల్లుడు ఆ కాగితం వెనకే లెక్క వేసి చూపించాడు. ఈ మందు రక్తంలో దాదాపు రెండు గంటలకోసారి సగమవుతుంది. ఎనిమిదింటికి సగం, పదింటికి పావు, పన్నెండింటికి రెండణాల వంతు, అంటే ఎనిమిదో వంతు. "కత్తి పడే క్షణానికి మందు కండలో నిండుగా ఉండాలి మామా. అందుకే కోతకు ముందు గంటలోపు ఇవ్వాలంటారు. కాలికి పట్టీ బిగించే కేసుల్లో బిగించకముందే పడాలి. బిగించాక ఇస్తే కాల్లోకి పోదు కదా." ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే బల్ల మీదే మరో డోసు వెయ్యాలట.

ఇది కొత్త సంగతి కాదని తెలిసినప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగింది. 1961లోనే జాన్ బర్క్ అనే సర్జన్ గినీ పందుల మీద పరీక్షించి చూపించాడు. సూక్ష్మజీవి చర్మంలో పడకముందే మందు ఉంటే పుండు దాదాపు లేవదు, పడ్డ మూడు గంటల తర్వాత ఇస్తే ఇచ్చినా ఇవ్వనట్టే. 1992లో అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలోని ఒక ఆసుపత్రిలో 2,847 మంది రోగుల లెక్కలు తీశారు. కోతకు ముందు రెండు గంటల్లోపు మందు పడినవాళ్లలో ఇన్‌ఫెక్షన్ 0.6 శాతం. అంతకంటే ముందుగా పడినవాళ్లలో 3.8 శాతం. కోత మొదలై మూడు గంటలు దాటాక పడినవాళ్లలో 3.3 శాతం. నా ఆరు గంటల ఇంజక్షన్ ఆ 'మరీ ముందు' గుంపులోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో పంతొమ్మిది అంశాలుంటే, గడిచిన అరవై నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా అన్నది వాటిలో ఒకటి. కత్తి పెట్టేముందు గట్టిగా నోటితో అడగాల్సిన ప్రశ్న. ఆ చెక్‌లిస్టును మొదట పరీక్షించిన ఎనిమిది నగరాల్లో న్యూఢిల్లీ కూడా ఉంది.

హైదరాబాద్ డాక్టర్‌ని సూటిగా అడిగాను, దీనివల్లే వచ్చిందా అని. "ఒక్క మనిషి విషయంలో అలా చెప్పలేం. మీ షుగరుంది, వాపుంది, ముందురోజు బ్లేడుతో గొరిగారు. మందు టైముకి పడినా కొందరికి వస్తుంది. కానీ మన చేతిలో ఉన్నదాన్ని వదిలేశారు" అన్నాడు. వెంట్రుకలు తియ్యకపోవడమే మంచిదట, తప్పదంటే క్లిప్పర్‌తో కత్తిరించాలి గానీ బ్లేడు వాడకూడదట.

నకలు తెచ్చుకునే రోజు వార్డులో పాత సిస్టర్ కనిపించింది. గొడవకు రాలేదమ్మా అని చెప్పి, ఆ పొద్దుటి సంగతి అడిగాను. "ఆరింటికి అని రాస్తే ఆరింటికి ఇవ్వాలి సార్. థియేటర్ వాళ్లు ఎప్పుడు పిలుస్తారో మాకెవరు చెబుతారు?" అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. రాసింది రాసినట్టు చేసింది. కానీ మా దగ్గర బస్సు ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ టైము వేరు, చక్రం కదిలిన టైము వేరు. చక్రం కదిలిందే బయల్దేరినట్టు రాస్తాం. ఆ ఇంజక్షన్ గోడ గడియారాన్ని చూసి వేసేది కాదు, కోతను చూసి వేసేది. వార్డులో కాదు, థియేటర్లో మత్తు డాక్టర్ చేతిలో ఉండాల్సింది. కేసు ఎంత ఆలస్యమైనా అప్పుడు ఇబ్బంది లేదు. పైసా ఖర్చు పెరగదు. ఆ ఒక్క డోసు చోటు మారితే చాలు. ఇంత చిన్న మార్పుకు నేను ఐదు నెలలు చీముతో పడి ఉండాలా అని ఇప్పటికీ ఉడుకుమోత్తనం వస్తుంది.

2022 అక్టోబరులో ప్లేటు తీయించుకున్నాను. ఈసారి వార్డులో ఏ ఇంజక్షనూ వెయ్యలేదు. థియేటర్లో బల్ల మీద పడుకున్నాక మత్తు డాక్టర్ సిరంజి చూపించి, "యాంటీబయాటిక్ ఇస్తున్నా, 9:05" అన్నాడు. కాసేపటికి పట్టీకి గాలి నింపారు. కత్తి పట్టకముందు అందరూ ఆగారు. ఒక సిస్టర్ కాగితం చూసి నా పేరు, ఏ కాలు, ఏ ఆపరేషన్ అని చదివి, "యాంటీబయాటిక్?" అంది. "సెఫజోలిన్ రెండు గ్రాములు, తొమ్మిది ఐదు" అన్నాడాయన. "కోత, తొమ్మిది ఇరవై ఎనిమిది" అని ఇంకెవరో అన్నారు. తెర వెనక నేను మనసులో లెక్క వేసుకున్నాను, ఇరవై మూడు నిమిషాలు. కళ్లవెంట నీళ్లు కారాయి. నొప్పిగా ఉందా అని మత్తు డాక్టర్ వంగి అడిగాడు. లేదండీ అన్నాను.

మర్నాడు ఇంటికి పంపేటప్పుడు చీటీలో నొప్పి మాత్రలు, షుగర్ మాత్రలు తప్ప ఏమీ లేవు. నాకు గుండె జారింది. "కనీసం ఐదు రోజులకైనా రాయండి సార్" అని బతిమాలాను. "గాయం మూసేశాక వేసే మందు రక్షణ పెంచదు. కడుపు పాడుచేస్తుంది, మొండి సూక్ష్మజీవుల్ని పెంచుతుంది. లోపలి ముక్కలు కల్చర్‌కి పంపాం, ఏమన్నా వస్తే నేనే పిలుస్తా" అన్నాడు. ఏమీ రాలేదు. షుగర్ ఇప్పుడు అదుపులో ఉంది. వాన పడే ముందు మచ్చ సలుపుతుంది, అంతే.

పోయిన నెల మా డిపో కండక్టర్ ఒకతను ఫోన్ చేశాడు. వాళ్లమ్మ కాలుజారి పడి తుంటి విరిగింది, మర్నాడు ఆపరేషన్. "అన్నా, నువ్వు పడ్డ కష్టం చూసిన. ఏమడగాలె?" అన్నాడు. గొడవ పెట్టుకోకు, మత్తు డాక్టర్ కనిపిస్తే మర్యాదగా అడుగు అని చెప్పాను. యాంటీబయాటిక్ ఎప్పుడిస్తారు, కేసు లేటయితే మళ్లీ ఇస్తారా అని. బ్లేడుతో గొరగనివ్వద్దని, అమ్మకు ముందురోజు సబ్బుతో ఒళ్లు తుడవమని చెప్పాను.

మర్నాడు పొద్దున డ్యూటీలో ఉండగా మళ్లీ ఫోన్. "అన్నా, రెండు గంటలు లేటయింది. అయినా బల్లమీద పండవెట్టినంకనే ఇచ్చిన్రట. పదకొండు పదికి. నేను టైం రాసుకున్నా."