కిదోకు

జపాన్‌లో రైలు బోగీలో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. "జిషిన్ దెసు, జిషిన్ దెసు". భూకంపం అని హెచ్చరించే గొంతు. రైలు ఆగిపోయింది. ఎవరూ అరవలేదు.

నా పక్క సీట్లో ఓ బామ్మగారు, ఎనభై ఏళ్లుంటాయి. చేతిసంచిలోంచి ఫోన్ తీసి 'లైన్' తెరిచారు, మన వాట్సాప్ లాంటి మెసేజ్ యాప్. చూపుడు వేలితో ఒక్కో అక్షరమే నొక్కి "దైజోబు" అని పంపారు, బాగానే ఉన్నానని. ఇక చూపు తిప్పలేదు. మెసేజ్ పక్కన చిన్న అక్షరాల్లో "కిదోకు" అని పడింది. అవతలివాళ్లు చదివారని. అప్పుడు ఊపిరి వదిలారు.

2011 మార్చి 11న పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఇక్కడ ఫోన్ చేస్తే కాల్ కలవడమే గగనమైంది. ఉన్నంతలో నెట్టే ఆదుకుంది. 'లైన్' యాప్ వచ్చింది ఆ జూన్‌లోనే. ఆ రెండు సంగతులూ నాకు తెలుసు గానీ, ఆ "కిదోకు" బరువు ఇవాళే తెలిసింది.

"ఇచ్చట మేమంతా క్షేమం" అని మా తాతయ్య ఉత్తరం మొదలుపెట్టేవాడు. జవాబు కోసం వారం రోజులు పోస్ట్‌మ్యాన్ వచ్చే దారి చూసేవాడు.

రైలు కదిలేలోపు అమ్మకి వాట్సాప్ పెట్టా, "భూమి కదిలింది, నేను బాగున్నా" అని. టిక్కులు నీలంగా మారేదాకా ఫోన్ జేబులో పెట్టబుద్ధి కాలేదు.