ఆరబెట్టి పాడుచేసుకున్న నా క్రిస్టల్స్

నా క్రిస్టల్ స్ట్రక్చర్, అంటే లోపలి పరమాణువుల అమరిక, ఎక్స్‌రేతో తేలిందని నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. రాత్రంతా నిద్రపట్టలేదు, అందుకే పొద్దున్నే రాస్తున్నా.

మాది కావలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఎంఓఎఫ్-2 తీసుకున్నా. ఎంఓఎఫ్ అంటే మెటల్-ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్, లోహాన్ని సేంద్రియ అణువులతో కలిపి అల్లిన, లోపల ఖాళీలున్న పదార్థం. 1998లో ఒమర్ యాఘీ బృందం ప్రకటించిన పొరల పదార్థం ఇది. 2025 కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయనొకరు.

తయారీ తేలికే. జింక్ నైట్రేట్, టెరెఫ్తాలిక్ ఆమ్లం డీఎంఎఫ్ అనే ద్రావణిలో కరిగించి, కాస్త టోలుయీన్ కలిపి చిన్న సీసాలో పోశాను. దాన్ని ట్రైఇథైలమైన్, టోలుయీన్ ఉన్న పెద్ద సీసాలో నిలబెట్టి మూత బిగించాను. ఎండు చేపల బుట్ట పక్కన కూర్చున్నట్టు కంపు! కదపకుండా వదిలేస్తే గాజుకి రంగులేని పలకలు పట్టాయి, పటికబెల్లం తునకల్లా.

వాటిని వడగట్టి, కడిగి, ఆరబెట్టి, పొట్లం కట్టాను. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో ప్రతి లవణాన్నీ అలాగే ఇచ్చాం మరి. ఎండలో రైలెక్కి వేరే ఊళ్లో ఎక్స్‌రే ల్యాబుకి తీసుకెళ్తే, ఆపరేటర్ మైక్రోస్కోప్‌లో ఒక్క క్షణం చూశాడు. "ఏమ్మా, సుద్దపొడి తెచ్చావేంటి? క్రిస్టల్ అంటే ఏంటో నేర్పి పంపమని మీ సార్‌కి చెప్పు" అని పొట్లం నా వైపు తోసేశాడు. వెనక లైన్లో ఆరుగురున్నారు. ఎవరో నవ్వారు. ఎందుకలా అయిందని అడిగితే జవాబు లేదు. గూడూరు దాటేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నా. తెలియక వచ్చిన పిల్లకి ఒక్క ముక్క చెబితే ఆయన సొమ్మేం పోయేది?

ఆ ముక్క తర్వాత నేనే చదివి తెలుసుకున్నా. జింక్ జంటల్ని టెరెఫ్తాలేట్లు కలిపి చదరపు గళ్ల వలలా అల్లుతాయి. ఆ వలలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, వాటిని పట్టి ఉంచేది హైడ్రోజన్ బంధాలే. ఖాళీల్లో డీఎంఎఫ్ ఉంటుంది. అది ఎగిరిపోతే పలక పగిలి తెల్లబడుతుంది. దయచేసి ఎవరూ ఆరబెట్టకండి, పెరిగిన ద్రావణంలోనే ఉంచి తీసుకెళ్లండి.

రెండోసారి అలాగే, మూతకి టేపు చుట్టి, వేరే చోటికి వెళ్లా. అక్కడి మేడమ్ పలకల్ని నూనె చుక్కలో వేసి, పోలరైజ్డ్ లైటు కింద తిప్పుతూ నన్నూ చూడమన్నారు. ఎక్స్‌రేకి అతుకుల్లేని ఒకే క్రిస్టల్ కావాలి. అలాంటిదైతే ప్రతి 90 డిగ్రీలకీ మొత్తం ఒక్కసారే చీకటవుతుంది. అతుక్కున్నవైతే ఓ మూల వెలుగుతూనే ఉంటుంది. తొమ్మిది పక్కన పెట్టి పదోది తీసుకున్నారు.

జంటలోని జింక్‌ల మధ్య దూరం సుమారు 3 ఆంగ్‌స్ట్రాములు (మీటరులో వెయ్యి కోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్), వాటి చివర్లలో నీటి అణువులు, అంతా 1998 నాటి స్ట్రక్చర్‌లాగే ఉంది. మా బ్యాచ్‌లో సింగిల్ క్రిస్టల్ డేటా తెచ్చింది నేనొక్కదాన్నే!

రిపోర్టులో కృతజ్ఞతల పేజీ ఇందాకే రాశా. ఆ మేడమ్ పేరు అందరికంటే పైన పెట్టా.