జడ్జిగారు కాపలా కాసిన వంతెన

వాషింగ్టన్ నుంచి 270, 70 హైవేలు పట్టుకుని బూన్స్‌బరో మీదుగా షార్ప్స్‌బర్గ్. అమెరికా అంతర్యుద్ధం నాటి యాంటీటమ్ యుద్ధభూమిలోకి బండికి 20 డాలర్లు. గెట్టిస్‌బర్గ్‌లో దమ్మిడీ అడగరు, ఇక్కడెందుకో మరి! 11 మజిలీల కారు దారిలో నేను చూడాలనుకున్నది తొమ్మిదోది, బర్న్‌సైడ్ వంతెన. మిగతావన్నీ కిటికీలోంచే చూసి వదిలేశాను.

1836లో కట్టిన రాతి వంతెన. మూడు కమానులు, 125 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. కృష్ణా గోదావరులు చూసిన కళ్ళకు కింది ఏరు పంటకాలువే. 1862 సెప్టెంబరు 17న ఉత్తరాది జనరల్ బర్న్‌సైడ్ చేతికింద పన్నెండు వేలమంది ఉన్నారు. అయినా దీన్ని దాటడానికి మూడు గంటలు పట్టింది.

ఎందుకన్నది కారు దిగిన చోట తెలియదు. పార్కింగు పడమటి గట్టు మీద, అంటే కాన్ఫెడరేట్లు (దేశం నుంచి విడిపోయిన దక్షిణాదివాళ్ళు) నిలబడిన వైపు ఉంది. కిందికి దిగి, వంతెన దాటి, వెనక్కి తిరిగి చూడాలి. నిటారు గట్టు నెత్తిమీదే ఉంటుంది. పైగా ఇవతలి దారి నేరుగా వంతెన మీదికి రాదు, కొంతదూరం ఏటి ఒడ్డునే సాగి అప్పుడు మలుపు తిరుగుతుంది. ఆ నడిచినంతసేపూ సైనికుల పక్కటెముకలు గట్టుమీది తుపాకులకు ఎదురుగా ఉన్నట్టే.

ఆ తుపాకులు జార్జియావాళ్ళవి. మొత్తం ఐదొందలకు మించరు. బ్రిగేడు జనరల్ టూంబ్స్‌ది, వంతెన దగ్గర దగ్గరుండి నడిపింది కర్నల్ హెన్రీ బెన్నింగ్. మూడేళ్ళ క్రితం దాకా ఈయన జార్జియా సుప్రీంకోర్టు జడ్జి. అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తమ కోర్టును కట్టిపడేయదని 1854లో తీర్పు రాసిన మనిషి. 1861 ఫిబ్రవరిలో రిచ్‌మండ్ వెళ్ళి, బానిసత్వం రద్దు కాకుండా ఆపాలంటే విడిపోవడమొక్కటే దారని వర్జీనియా ప్రతినిధులకు విడమరిచి చెప్పాడు. పోరాటమంతా రాష్ట్రాల హక్కుల కోసమేనని నేటికీ వాదించేవాళ్ళు ఆ ప్రసంగం ఒక్కసారి చదివితే చాలు.

వంతెనకు మాత్రం దాడి చేసినవాడి పేరే నిలిచింది. బెన్నింగ్ పేరు 1918లో జార్జియాలోని కొలంబస్ సైనిక శిబిరానికి పెట్టారు. 2023లో తీసేశారు. 2025లో మళ్ళీ అదే పేరు వచ్చింది కానీ, ఈసారి అది మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన ఫ్రెడ్ బెన్నింగ్ అనే సైనికుడిదట. బోర్డు మారకుండా మనిషి మారాడు!

చివరికి మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో న్యూయార్క్, పెన్సిల్వేనియా 51వ రెజిమెంట్లు వంతెన దాటాయి. ఉత్తరాదివాళ్ళు ఐదొందలమంది దాకా పడ్డారు, జార్జియావాళ్ళు నూట ఇరవై మంది. గట్టుమీద తూటాలు అయిపోవస్తున్నాయి, దిగువన స్నేవ్లీ రేవు దగ్గర ఉత్తరాది జనరల్ రోడ్‌మన్ దళం ఏరు దాటి పక్కనుంచి వస్తోంది. ఇక బెన్నింగ్ వెనక్కి తగ్గక తప్పలేదు.

పార్కింగు దగ్గర మొదలయ్యే 1.8 మైళ్ళ కాలిబాట ఆ రేవు మీదుగా చుట్టి వస్తుంది. వంతెన చూసి వెళ్ళిపోకుండా అదీ నడవండి. ఇంజనీర్లు ముందు చూపించిన రేవు దగ్గర గట్టు దిగడానికి వీల్లేనంత ఏటవాలుగా ఉండటంతో, రోడ్‌మన్ మనుషులు ఇంకో రేవు వెతుక్కుంటూ ఇక్కడిదాకా రావాల్సి వచ్చింది. పొద్దున బయల్దేరినవాళ్ళు మధ్యాహ్నానికి గానీ ఏరు దాటలేదు.