గువ్వలచెరువు ఘాట్‌లో మా బండి తన్నుడు

మా బండి 2008 మోడల్ సెడాన్. 4 గేర్ల ఆటోమేటిక్, సీవీటీ, ఏఎంటీ అనే వేరే రకాలు కాదు, పాతకాలం టార్క్ కన్వర్టర్ (కాలితో తొక్కే క్లచ్‌కి బదులు ఆయిల్‌తో ఇంజన్ బలాన్ని గేర్లకి పంపేది) ఉండే గేర్‌బాక్సు. కంపెనీ పేరెందుకులే. సెకండ్‌హ్యాండ్‌లో కొని ఇంటిముందర నిలబెట్టినప్పుడే మా నాయన "క్లచ్చే లేకపోతే ఎడమకాలుతో ఏం చేస్తావురా" అని నవ్విన్యాడు. మూడేండ్లు ఏ కిరికిరీ లేదు. ఎండలు ముదిరినాక మొదలైంది, సెకండ్ నుంచి థర్డ్‌కి పడేటప్పుడు వెనకనుంచి ఎనుము పొడిచినట్టు ఒక తన్ను, రోజూ కాదు, పడినప్పుడు మాత్రం గట్టిగా.

నేనూ అందరి మాదిరే పట్టించుకోలే. రాయచోటిలో పెండ్లికి పోతా గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు తెలిసొచ్చింది. ముందర లారీ, దాని వెనకాల 30లో పోతాంటే బండి సెకండా థర్డా తేల్చుకోలేక ఒకటే గుంజులాట, గేర్ మార్చినప్పుడల్లా మా యమ్మ ముందుకు ఊగి "నిలబెట్టు, నేను నడిచే వస్తా" అనింది. పైన పాలకోవా అంగళ్ల కాడ అరగంట ఆపి, చల్లబడితే సర్దుకుంటుందిలే అనుకున్యా. సర్దుకోలే.

కడపకి తిరిగొచ్చి ఒక షాపులో చూపిస్తే ఆయప్ప ఒక రౌండు నడిపి, బానెట్ కూడా ఎత్తకుండా "గేర్‌బాక్స్ పోయిందన్నా, 65 వేలు అవుతాది" అన్యాడు. బండి అమ్మినా దానికంటే ఎంతో ఎక్కువ రాదు. రెండో చోట దాదాపు అదే మాట, రేటు 5 వేలు తక్కువ.

మూడోది మా మామ పంపించిన చోటు, లారీ సామాన్ల అంగళ్ల సందులో ఒక పెద్దాయన, అందరూ భాయ్ అంటారు. ఆయన బండి తాళాలే తీసుకోలే. "యాడ తంతాండాది, ఎప్పుడు తంతాండాది, ఇంజన్ చల్లగున్నప్పుడా వేడెక్కినాకా, ఒక వారం రాసుకోని రాపో నాయనా" అన్యాడు. రాయడానికేముంది, పాలప్యాకెట్ల లెక్క రాసే పుస్తకంలోనే వెనకనుంచి రాసినా. వారానికి తేలిందేమంటే నేను ఒక జబ్బు అనుకునింది రెండు జబ్బులు. గేర్ కడ్డీని పీ (పార్కింగ్) నుంచి డీకో (ముందుకు) ఆర్‌కో (వెనక్కి) వేసినప్పుడు కింద "దడ్" మనే దెబ్బ ఒకటి, అది బండి నిలబడున్నప్పుడే, ఏసీ వేసుంటే ఇంకా గట్టిగా. రెండోది రోడ్డు మీద తన్ను, అదేమో చల్లగున్నా వేడెక్కినా ఒకటే, 35–45 మధ్యలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా పెట్టి పోయేటప్పుడే. గట్టిగా తొక్కితే వెన్నలాగ పోతాది. గేర్‌బాక్స్ లోపల క్లచ్ ప్లేట్లు అరిగింటే గట్టిగా తొక్కినప్పుడు కదా జారాల, ఇంజన్ గొంతు లేచి బండి కదలకుండా ఉండాల. అది లేదు. భాయ్ పుస్తకం చూసి "డబ్బా బాగుండాది, పైన ఏదో ఉండాది" అన్యాడు, డబ్బా అంటే గేర్‌బాక్స్.

అయినా ముందు ఆయిలే చూసినాడు. దీనికి గేర్ ఆయిల్ వేరే, ఏటీఎఫ్ అంటారు. మా బండికి దాని డిప్‌స్టిక్ ఉంది (కొత్త బండ్లలో చానా వాటికి లేనే లేదు), ఇంజన్ బాగా వేడెక్కినాక, సమంగా ఉన్న చోట, మాన్యువల్‌లో చెప్పినట్టే చూడాల, కొన్ని బండ్లకి ఇంజన్ ఆన్‌లో, కొన్నిటికి ఆపి. కొత్త ఏటీఎఫ్ దానిమ్మ రసం రంగులో ఉంటాది. మాది కాఫీ డికాషన్. మాడిన వాసన మాత్రం లేదు, అది అదృష్టం. డ్రెయిన్ బోల్టు విప్పితే మూడున్నర లీటర్లే వచ్చింది, డబ్బాలో మొత్తం పట్టేది ఆరున్నర, మిగిలింది ఎక్కువగా టార్క్ కన్వర్టర్‌లోనే నిలబడిపోతాది, అందుకే ఒక్కసారి మారిస్తే సగం పైనే కొత్తది, అంతే. 500 కిలోమీటర్లు తిరిగి ఇంకోసారి మార్చినాం. మెషిన్ పెట్టి ఫ్లష్ చేద్దామా అంటే భాయ్ వద్దన్యాడు, ఇన్నేండ్ల మురికి ఒక్కసారి లేస్తే వాల్వ్ బాడీ (ఆయిల్‌ను గేర్లకి పంచే భాగం) సందుల్లో ఇరుక్కుంటాదని. ఇంగొకటి, షాపోడు "ఏ ఆటోమేటిక్‌కైనా సరిపోతాదన్నా" అని ఇచ్చేది తీసుకోవద్దు. ఎస్పీ-3, డెక్స్రాన్, టీ-4 అని రకాలుంటాయి, మాన్యువల్‌లో ఏది రాసింటే అదే పొయ్యాల.

ఆయిల్‌తో గేర్లు మెత్తబడినాయి కానీ తన్ను పోలే.

"దడ్" సంగతి అయిదు నిమిషాల్లో తేలిపాయ. బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ వేసి, నేను బ్రేక్ గట్టిగా తొక్కి డీ, ఆర్ మారుస్తాంటే భాయ్ పక్కనుంచి చూసినాడు (ఎదురుగా మాత్రం ఎవురూ నిలబడొద్దు). ఇంజన్ నాలుగు వేళ్లంత ఎత్తు పైకి లేచి పడతాండాది. గేర్‌బాక్స్‌ను బండికి పట్టుంచే మౌంట్ రబ్బరు చీలి రెండు ముక్కలు. ఇనుము మీద ఇనుము పడితే దడ్ అనదా మరి. ఏసీ వేస్తే ఐడిల్ (నిలబడున్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) పెరుగుతాది, అందుకే అప్పుడు ఎక్కువ.

ఇంగ తన్ను. నాకాడ బండి కంప్యూటర్‌లోని సంగతులు చూపించే బ్లూటూత్ ఓబీడీ బిళ్ల ఉంది, ఫోన్‌కి కలిపి చూస్తే తప్పు చెప్పే కోడ్ ఒక్కటీ లేదు, గేర్‌బాక్స్‌లో తేడా ఉందని చెప్పే పీ0700 అన్నా వస్తాదేమో అనుకుంటి, అదీ లేదు. మొదటి షాపాయన కూడా స్కానర్ పెట్టింటే "ఏమీ లేదు, అంటే లోపలే పోయింది" అనేవాడేమో. కానీ లైవ్ డేటా అని ఒకటుంటాది, మా తమ్ముడు పక్కన కూర్చోని థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే ఇంజన్ గాలి తలుపు) శాతం చూస్తాంటే రింగ్ రోడ్డులో ఒకే మాదిరి కాలు పెట్టి పోయినా. 15, 15, 16, ఉన్నట్టుండి 34, మళ్లీ 15. ఆ 34 కాడనే తన్ను. వాడు "అన్నా నువ్వు తొక్కినావా?" అంటాడు, నేను తొక్కితే కదా!

సంగతేమంటే, గేర్ ఎప్పుడు మార్చాల, ఎంత ప్రెషర్‌తో పట్టాల అని గేర్‌బాక్స్ కంప్యూటర్ బండి వేగమూ థ్రాటిల్ ఎంత తెరుచుకునిందో చూసి తేలుస్తాది. కాలు గట్టిగా పడింది అని థ్రాటిల్ కాడుండే సెన్సర్ చెప్తే ప్రెషర్ పెంచి క్లచ్‌ను టక్కున పట్టిస్తాది, అసలు కాలు తేలిగ్గా ఉంటే అదే మనకి తన్ను. మాది కేబుల్ థ్రాటిల్, సెన్సర్ లోపల ఒక పట్టీ మీద ముల్లు జరుగుతాంటాది, రోజూ ఊర్లో 40లో తిరిగే చోటనే పట్టీ అరిగిపోయింది. భాయ్ మల్టీమీటర్ పెట్టి థ్రాటిల్‌ను చేత్తో మెల్లగా తెరిచినాడు, అర వోల్టు నుంచి నాలుగున్నర దాకా నున్నగా ఎక్కాల్సింది మొదట్లోనే ఒక చోట ఎగిరి పడతాండాది. పూర్తిగా పోలేదు కాబట్టే కోడ్ రాలే.

సెన్సర్, మౌంటు, రెండుసార్లు ఆయిలు, కూలీ, అన్నీ కలిపి 11,400 అయింది. భాయ్ కూలీకి బేరమాడబుద్ధి కాలే. పని చేసేటప్పుడు బ్యాటరీ తీసినాం కాబట్టి, గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్నవన్నీ మర్చిపోయి మొదటి రెండు మూడు రోజులు గేర్లు కొంచెం తిక్కతిక్కగా పడినాయి, నాకు గుండె జారింది, తర్వాత అదే దారికొచ్చింది.

పోయిన ఆదివారం మళ్లీ ఘాట్ ఎక్కినాం, ఈసారి పనేమీ లేదు, ఉత్త పాలకోవా కోసమే. లారీ వెనకాల పోయేటప్పుడు ఓవర్‌డ్రైవ్ (అన్నిటికంటే పై గేరు) బటన్ ఆఫ్ చేసి గేర్ కడ్డీ 2లో పెట్టుకున్యా, గుంజులాటే లేదు. మా యమ్మ ఈ కొండ నుంచి ఆ కొండ దాకా నిద్రపోయింది. 60 కాడ సన్నటి వణుకు ఒకటి ఇంకా ఉంది, టార్క్ కన్వర్టర్ లాక్ అయ్యేటప్పుడు (ఇంజన్‌కీ గేర్లకీ మధ్య నేరుగా పట్టుకునేటప్పుడు). 5 వేల కిలోమీటర్లకి ఇంకోసారి ఆయిల్ మార్చి చూద్దామన్యాడు భాయ్. పుస్తకంలో రాసుకుంటా ఉండా.