కోతకు వీలుగా తీసిన పాటలు

ఆదివారం. పొద్దున్నించీ ముసురు, బయటికెళ్ళే పని లేదు. మధ్యాహ్నమంతా అమెరికా నల్లజాతి గాయని, నటి లీనా హార్న్ సినిమా పాటలు. ‘థౌజండ్స్ చీర్’ (1943), ‘టిల్ ది క్లౌడ్స్ రోల్ బై’ (1946), ‘వర్డ్స్ అండ్ మ్యూజిక్’ (1948), మూడూ హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం వాళ్ళవే.

ఈ పాటల్లో గొంతుకంటే ముందు అంచులు చూడాలి. పాటకు ముందూ వెనకా కథానాయకుడో నాయికో ఆమెతో మాట్లాడతారా? ఆమె వచ్చి వెళ్ళినందువల్ల కథలో ఏమైనా మారుతుందా? చాలావరకు ఏమీ ఉండదు. వస్తుంది, పాడుతుంది, వెళ్ళిపోతుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆ ముక్క తీసేసినా సినిమా తెగినట్టు కనబడకూడదు, అదీ లెక్క. అక్కడి మెంఫిస్ నగర సెన్సార్ బోర్డులో లాయిడ్ బిన్‌ఫర్డ్ ఇలాంటి కోతలకు పేరుమోసినవాడు. నిడివి తగ్గించడానికి పాటలు కోసిన థియేటర్లు మనకూ తెలుసు గానీ, అక్కడ కోసింది మనిషి రంగు చూసి.

కోతకూ పద్ధతుంది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, మూడు నిమిషాల పాటంటే 270 అడుగులు. చిక్కంతా శబ్దంతోనే. ప్రొజెక్టర్లో బొమ్మ పడే చోటు వేరు, శబ్దం చదివే చోటు వేరు కాబట్టి, ప్రింటు మీద శబ్దం తన బొమ్మకంటే 20 ఫ్రేములు ముందుంటుంది. బొమ్మ చూసి కత్తెర వేస్తే, కోసేసిన పాట మొదటి ముక్క, సెకనుకు కాస్త తక్కువ, తర్వాతి సీను మీద వినిపిస్తుంది. ఆ సీను సొంత శబ్దమేమో అంతమేరా పోతుంది. రెండు కొసల్లోనూ కాస్త నిశ్శబ్దం ఉంటేనే అతుకు తెలియదు. కథతో ముడిలేని పాటకు అలాంటి కొసలు సులువుగా దొరుకుతాయి.

1942లో ఎంజీఎంలో చేరేటప్పుడే లీనా పనిమనిషి వేషాలు వెయ్యనని తేల్చిచెప్పింది. వెయ్యనంది సరే, వాటి బదులు ఇవ్వడానికి స్టూడియో దగ్గర వేషాలే లేవు. నిజమైన పాత్రలు దక్కింది ‘క్యాబిన్ ఇన్ ది స్కై’, ‘స్టార్మీ వెదర్’లలో. రెండూ 1943వే, రెండిట్లోనూ నటులంతా నల్లవాళ్ళే. ‘టిల్ ది క్లౌడ్స్’లో ‘షో బోట్’ సంగీత నాటకం ఘట్టానికి మిశ్రమజాతి పాత్ర జూలీగా పాడింది ఆమే, తీరా 1951లో ‘షో బోట్’నే సినిమాగా తీసినప్పుడు ఆ పాత్ర తెల్లనటి ఆవా గార్డ్‌నర్‌కి వెళ్ళింది. అంతకు ముందే, 1950లో, కమ్యూనిస్టు సానుభూతిపరులంటూ కళాకారుల పేర్లు అచ్చేసిన ‘రెడ్ చానెల్స్’ జాబితాలో పేరెక్కి సినిమా, టీవీ దారులు మూసుకున్నాయి. మిగిలినవి నైట్‌క్లబ్బులు.

నన్నడిగితే ఆమె అసలు పని అక్కడే మొదలైంది. 1957 నాటి వాల్డార్ఫ్ ఆస్టోరియా (న్యూయార్క్ హోటల్) రికార్డు వినాలి. మాట చివరి హల్లును పళ్ళ మధ్య కొరికి వదులుతుంది, తాళానికి కాస్త వెనకబడి వచ్చి అందుకుంటుంది. సినిమాల్లో ఈ పదును లేదు. కొత్తగా వినేవాళ్ళు సినిమాలతో కాక దీంతో మొదలుపెట్టడం మేలు.

రాత్రికి న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్వేలో ఆమె ఇచ్చిన 1981 షో రికార్డు. అప్పటికి ఆమెకు అరవై దాటాయి, మూడువందల పైచిలుకు ప్రదర్శనలిచ్చింది. ‘స్టార్మీ వెదర్’ రెండుసార్లు పాడుతుంది. మొదటిది నున్నగా, జనం అడిగే పాట కాబట్టి. రెండోది చివర్లో, గొంతు చీరుకుపోయినా లెక్కచెయ్యకుండా. మొదటిది దాటేసి రెండోదానికి వెళ్ళకండి, తేడా తెలియదు.