నలభై నాలుగు మందితో బెలుం గుహలకు: నా అనుభవం

నిన్న రాత్రి ఏడూ పదికి బస్సు దిగాం. కాళ్ళు ఇంకా లాగుతున్నాయి, గొంతు పూర్తిగా పోయింది. అయినా ఇవాళే రాయాలి. నాలుగు రోజులు ఆగితే కోపం చల్లారి, సగం సంగతులు మర్యాద కోసం దాచేస్తాను.

గుత్తి దగ్గర ఒక పల్లెలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాను. సర్వీసు ఇరవై మూడేళ్ళు. ఎనిమిదో తరగతి పిల్లలు 44 మందిని తాడిపత్రి మీదుగా బెలుం గుహలకు తీసుకెళ్ళి, తిరిగి తీసుకొచ్చాం. చెప్పడానికి ఒక్క వాక్యమే. దాని వెనక ఐదు వారాల తిరుగుడు ఉంది.

బెలుమే ఎందుకంటే, మా ఊళ్ళో సగం ఇళ్ళల్లో నేలకు పరిచింది తాడిపత్రి బండలే. ఆ బండా సున్నపురాయే, ఆ గుహా సున్నపురాయే. వాననీటిలో కార్బన్ డయాక్సైడ్ కలిసి, కొద్దిగా పులుపెక్కి, ఆ నీరే యుగాల తరబడి రాయిని కరిగిస్తే గుహ అవుతుంది. ఇది పుస్తకంలోంచి చదివితే పిల్లలు ఆవులిస్తారు. అందుకే ముందురోజు క్లాసులో పగిలిన బండ ముక్కను గీకి, ఆ పొడి మీద నిమ్మకాయ పిండాను. సన్నగా నురగ వచ్చింది. "సార్, మా ఇల్లు కరిగిపోతాదా?" అన్నాడు ఒకడు. ఇన్నేళ్ళలో నా క్లాసులో అంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు.

పర్మిషన్ గురించి ఎక్కువ రాయను, బీపీ పెరుగుతుంది. మొదటిసారి కాగితం వెనక్కి వచ్చింది. బెలుం నంద్యాల జిల్లా అని రాశానట, కర్నూలు జిల్లా అని ఉండాలట. 2022 ఏప్రిల్ నుంచి కొలిమిగుండ్ల మండలం నంద్యాల జిల్లాలో ఉందని సోషల్ మాస్టారు చెబుతుంటే, ఆఫీసు సెక్షన్లో కూర్చున్నాయన "మా దగ్గర అట్ల లేదే" అన్నాడు. రెండోసారి, పిల్లలను పడవ ఎక్కించబోమని, నీళ్ళలోకి దింపబోమని హామీపత్రం జతచేయలేదన్నారు. గుహలోకి పోయేవాళ్ళకు పడవ హామీ ఏమిటని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ షరతు ఊరికే పుట్టలేదని నాకూ తెలుసు. 2024 జనవరిలో వడోదరలోని హర్ణి చెరువులో పిక్నిక్‌కు వచ్చిన బడిపిల్లల పడవ మునిగి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. కానీ ఇదే హామీ కోసం నన్ను రెండు పూటలు నిలబెట్టిన మనిషి గుహలో మెట్ల గురించి గానీ, గాలి గురించి గానీ, దగ్గర్లో ఆసుపత్రి గురించి గానీ ఒక్క ముక్క అడగలేదు. మీరెవరైనా ఆ ఆఫీసుకు పోతే సోమవారం మాత్రం పోకండి. ఆరోజు గ్రీవెన్స్, అంటే జనం అర్జీలు తీసుకునే రోజు అని సీట్లో ఒక్కరూ ఉండరు.

బస్సు సంగతి. మొదట వచ్చిన ట్రావెల్స్ ఆయన "కొత్త బండి సార్, ఏసీ కూడా వేస్తాం" అన్నాడు. ఆయన ఎదురుగానే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టాను. ఫిట్‌నెస్ గడువు దాటి నాలుగు నెలలు. "ఇంకా అప్‌డేట్ కాలేదు సార్" అట! చివరికి ఆర్టీసీ బస్సే మాట్లాడుకున్నాం. పొద్దున వెలుతురులో బయల్దేరాలి, వీలైనంతవరకు వెలుతురులోనే తిరిగి రావాలి అని పట్టుబట్టాను. 2022 అక్టోబరులో కేరళలో వడక్కంచేరి దగ్గర, ఊటీకి రాత్రిపూట బయల్దేరిన బడిపిల్లల టూరిస్టు బస్సు ముందుపోతున్న ఆర్టీసీ బస్సును గుద్దింది. తొమ్మిది మంది చనిపోయారు. రాత్రి ప్రయాణమైతే ఒక హోటలు ఖర్చు మిగులుతుందని చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళ మాట వినకండి.

ఇంతవరకు నేను చాలా గట్టివాణ్ణని అనుకుంటూనే ఉన్నాను. తల్లిదండ్రుల మీటింగులో ఆ గాలి తీసేశారు.

బోర్డు మీద అంతా అందంగా రాశాను. బస్సు వివరాలు, ఆరుగురు పెద్దలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, 108. చప్పట్లు కొడతారేమో అన్నట్టు నిలబడ్డాను. వెనక వరుసలోంచి ఒక అవ్వ లేచింది. కొడుకూ కోడలూ బెంగళూరులో పనికి పోతే మనవరాలిని తనే సాకుతోంది. గొర్రెలు మేపే మనిషి, కట్టె చేతిలోనే ఉంది.

"సారూ, దోవలో ఆడబిడ్డలు ఒంటేలుకు పోవాలంటే యాడ నిలుపుతారు?"

"మధ్యలో ఆపుతాం అవ్వా, పెట్రోలు బంకు దగ్గర."

"ఏ బంకు? నీళ్ళు ఉంటాయా? తలుపుకు గడియ ఉందా?"

మగవాళ్ళు నవ్వారు. అవ్వ వాళ్ళవైపు తిరిగింది. "నగుతారేంటికప్పా? మీరు కంపచెట్ల సాటుకు పోతారు. బిడ్డలు పోతారా? ముట్టయితే ఆ బిడ్డ ఎవరికి చెప్పుకోవాల? ఈ సారుకా?"

గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేటట్టు అయింది. హెచ్‌ఎం మేడం కాగితాలు సర్దుకుంటున్నారు. నేను బోర్డువైపు చూశాను, అక్కడేదో జవాబు రాసి పెట్టుకున్నట్టు. ఆరుగురు పెద్దలని రాశాను కదా, అందులో ఆడవాళ్ళు ఒక్కరే. అది కూడా అప్పుడే నా కంటపడింది.

"అన్నీ మేం చూసుకుంటాం అవ్వా" అన్నాను.

"చూసుకుంటాంలే గాదు నాయనా. చూసొచ్చినావా?"

నేను బెలుం పోయి పదకొండేళ్ళయింది, అదీ పెళ్ళిబస్సులో. అబద్ధం చెప్పొచ్చు, ఎవరికీ తెలియదు. నోరు రాలేదు. "లేదవ్వా" అన్నాను.

"కొత్త మేపుకు మందను తోలే ముందర మావోడు ఒకతూరి పోయి నీళ్ళు చూసొస్తాడు. గొర్లకే చూస్తాం" అని కూర్చుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మండల స్థాయిలో ఉత్తమ ఉపాధ్యాయుడిగా శాలువా కప్పించుకున్నవాణ్ణి, నూరుమంది ముందు గొర్రెల లెక్కతో నిలదీయించుకున్నాను. మా ఆవిడకు చెబితే ఓదార్చలేదు సరికదా, "ఆమె అడిగినదాంట్లో తప్పేముంది?" అంది.

తర్వాతి ఆదివారం తెలుగు మేడం, వాళ్ళాయన, నేను కలిసి దారి చూడటానికి బయల్దేరాం. ఆ ఒక్కరోజు లేకపోతే నిన్నటి రోజు లేదు, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. మేం ఆగాలనుకున్న బంకులో మరుగుదొడ్డికి తాళం. తర్వాతి దాంట్లో నీళ్ళు లేవు. తాడిపత్రిలో ఒక ఉన్నత పాఠశాల హెడ్మాస్టరు గారిని అడిగితే "శనివారం బడి ఉంటుంది, మీ అమ్మాయిలను తీసుకురండి" అన్నారు. అడిగితే ఇంత సులువుగా అయ్యే పనిని నేను పెట్రోలు బంకుకు వదిలేశాను. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు అక్కడే ఆపాం. ప్యాడ్లు, ఒక జత బట్టలు తెలుగు మేడం సంచిలో పెట్టుకున్నారు. ఇద్దరు అమ్మలను కూడా తోడు రమ్మన్నాం. దాంతో పెద్దలు ఎనిమిది మంది అయ్యారు.

గుహలోకి దిగేది బావిలాంటి గుంతలోంచి. దిగిన కాసేపటికే నా కళ్ళద్దాలు మసకబారాయి, చొక్కా తడిసిపోయింది. లోపల ఉక్క అలా ఉంటుంది. ఫోను సిగ్నల్ లేదు. అంటే ఒక మనిషి ఫోనుతో పైనే ఉండాలి, లోపల ఉన్నవాళ్ళకు విజిల్ ఉండాలి. లోపల నీళ్ళు పారే చోటు పాతాళగంగ, దానికి దిగే మెట్లు తడిగా ఉన్నాయి, అక్కడ ఒక్కో జట్టే పోవాలి. 3,229 మీటర్ల గుహలో మనల్ని పోనిచ్చేది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. అందులోనే రెండుచోట్ల నా తల తగిలింది. ఇవేవీ నా బోర్డు మీద లేవు.

తిరిగొచ్చాక అభిమానం చంపుకుని అవ్వ రొప్పం (గొర్రెల దొడ్డి) దగ్గరికి పోయి అన్నీ చెప్పాను. విని, ఇంకో రెండు ముక్కలు చెప్పింది. "రెండు మందలు కలిస్తే ఎట్ల తెలుస్తాది? రంగేస్తాం. లెక్కేమో వాకిట్లోనే. ఒగటొగటి దాటేటప్పుడు జతలు లెక్కబెడతాం. లోపలికి పోయినాక లెక్కబెడితే కలబడతాయి."

రంగు మాట నాకు వెంటనే తగిలింది. సర్కారు కిట్లలో వచ్చే యూనిఫాం రాష్ట్రమంతా ఒకటే. బెలుంలో ఇంకో సర్కారు బడి ఎదురైతే? పసుపు గుడ్డ కడదామనుకున్నాను. కానీ లోపలి దీపాల వెలుతురు పసుప్పచ్చగా ఉంది, అందులో కలిసిపోతుంది. ఎర్ర గుడ్డ కొని, పీలికలు చింపి, అందరికీ కుడిచేతికి కట్టాం.

నిన్నటి ప్రయాణం బాగానే సాగింది. పొద్దున ఉగ్గాని బజ్జీ. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి చూస్తుంటే పిల్లలు పక్కనున్న పెన్న వైపు పరిగెత్తారు. అప్పుడు గుర్తొచ్చింది నేను నవ్విన ఆ హామీపత్రం. విజిల్ వేసి వెనక్కి పిలిచాను. ఆ సెక్షన్ ఆయనకు ఈ విషయం చెప్పను.

గుహలో మొదట ధైర్యం జారిపోయింది పిల్లలకు కాదు, మా పీఈటీ సారుకు. ఆరడుగుల మనిషి, కబడ్డీలో జిల్లాకు ఆడినవాడు. పైకప్పు తలకు దగ్గరగా వచ్చే చోట ఆగిపోయాడు. చెమటలు, ఊపిరి ఆడటం లేదన్నాడు. అప్పటికే ఉబ్బసం ఉన్న ఒక పాపను, అంటే అవ్వ మనవరాలినే, పైన ఒక అమ్మ దగ్గర కూర్చోబెట్టాం. సారునూ పైకి పంపాం. అందుకే చెబుతున్నా, సరిపడా పెద్దలు కాదు, ఒకరిద్దరు ఎక్కువే ఉండాలి. ఎనిమిది మందిమి కాబట్టి బతికిపోయాం.

సప్తస్వరాల గుహ దగ్గర రాయి మోగితే పిల్లలు కదలం అన్నారు. ఇల్లు కరిగిపోతుందా అని అడిగినవాడు తేమగా ఉన్న గోడను తాకి, "సార్, ఇంకా కరుగుతానే ఉంది" అన్నాడు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడని, మళ్ళీ దాదాపు నూరేళ్ళకు 1982, 83లలో గెబవర్ అనే జర్మన్ ఆయన జట్టుతో వచ్చి కొలిచాడని చెప్పాను. ఎంతమంది విన్నారో తెలియదు. అదే సమయంలో ఎదురుగా ఇంకో బడి పిల్లలు వచ్చారు. అదే యూనిఫాం. ఇరుకు దారిలో రెండు మందలూ కలిశాయి.

బయటికొచ్చే మెట్ల దగ్గర నిలబడి అవ్వ చెప్పినట్టే ఒక్కొక్కరినీ దాటిస్తూ లెక్కపెట్టాను. నలభై నాలుగు. "సరిపోయింది, పదండి" అన్నాను హాయిగా.

తెలుగు మేడం నా చేయి పట్టుకున్నారు. "సార్, పాప పైనే ఉంది కదా. నలభై మూడే రావాలి."

కడుపులో చల్లగా అయింది. ఒకరు ఎక్కువ ఉన్నారంటే ఊరట కాదు. బయటి పిల్లలు ఇద్దరు కలిసి, మనవాడు ఒకడు లోపలే మిగిలినా లెక్క ఇంతే వస్తుంది. సరైన అంకె చూసి నేను బస్సెక్కేసేవాణ్ణి! చేతులు పైకెత్తమన్నాను. నలభై మూడు చేతులకు ఎర్రపీలిక, ఒక్కదానికి లేదు. ఆరో తరగతి పిల్లవాడు, మావాడొకడితో కబుర్లలో పడి వచ్చేశాడు. అయినా పేర్లు పిలిచాను, జట్టు జట్టుగా. మనవాళ్ళందరూ ఉన్నారు. అప్పుడు గానీ ఊపిరి రాలేదు.

ఆ పిల్లవాణ్ణి తీసుకుని నేనే మళ్ళీ దిగాను. వాళ్ళ సారు ఒక రాతి పక్కన సెల్ఫీ తీసుకుంటున్నాడు. "మావాడేనా?" అన్నాడు. ఆయనను తిట్టే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఐదు నిమిషాల కింద "సరిపోయింది" అన్నది నేనే కాబట్టి మింగేశాను.

ఆరున్నరకు వస్తామన్నవాళ్ళం ఏడూ పదికి వచ్చాం. చీకటి పడింది, ఆ తప్పు నాదే, తాడిపత్రిలో టీ దగ్గర ఆలస్యం చేశాను. బస్టాండులో అందరికంటే ముందు నిలబడి ఉంది అవ్వ. పిల్లలు దిగుతుంటే తలుపు పక్కనే కట్టె ఆనించుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. చివరి ఇద్దరూ దిగాక "ఇరవై రెండు జతలు" అంది.

మనవరాలి చేయి పట్టుకుని రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"ఎవురి పిల్లోణ్ణో తోలుకొచ్చినావంట గదా. ఇచ్చేసినావా?"

"ఇచ్చేసినాం అవ్వా" అన్నాను.