కోబర్గ్ చిహ్నంలో సెయింట్ మారిస్

శనివారం. జర్మనీలోని కోబర్గ్‌లో కూరగాయల కోసం సంతకి వెళ్ళాను. తెల్లవారుజామున కురిసిన వానకి మ్యాన్‌హోల్ మూతలు తళతళలాడుతున్నాయి. వాటి మీద ఊరి చిహ్నం పోతపోసి ఉంటుంది: ఉంగరాల జుట్టు, చెవికి పోగు, పక్కకి తిరిగిన ఒక ఆఫ్రికా మనిషి తల. రోజూ తొక్కుకుంటూ పోయేదే గానీ, ఆయన కథ తెలిశాక ఇవాళ కాలు పెట్టబుద్ధి కాలేదు. పక్కనుంచి నడిచాను.

ఆయన సెయింట్ మారిస్, కోబర్గ్‌ని కాచే సాధువు. ఈజిప్టులోని థీబ్స్ నుంచి వచ్చిన రోమన్ దళానికి నాయకుడట. సాటి క్రైస్తవుల మీద కత్తి ఎత్తమంటే ఒప్పుకోలేదని, మూడో శతాబ్దం చివర, ఇప్పటి స్విట్జర్లాండ్ ప్రాంతంలో, ఆయన్నీ దళాన్నీ చంపించారని చెబుతారు. ఇక్కడి పాత చర్చి ఆయన పేరు మీదే ఉంది. టౌన్‌హాల్ కప్పు అంచున విగ్రహం కూడా ఉంది. చేతిలో దండం. ఆ దండం ఎంత పొడవో ఊరి సాసేజీ అంత పొడవుండాలంటారు, 31 సెంటీమీటర్లు! కింద చౌకులో వాటిని పైన్ కాయల నిప్పుల మీద కాలుస్తుంటే వీధంతా అదే వాసన.

ఇంత ఆప్యాయంగా చూసుకున్న సాధువుని ఒకప్పుడు ఈ ఊరే తీసి అవతల పెట్టింది. 1929లో నాజీలకు నగరసభలో మెజారిటీ ఇచ్చిన మొదటి జర్మన్ పట్టణం కోబర్గే. 1934లో వాళ్ళు ఊరి చిహ్నంలోంచి ఆ నల్లటి మొహాన్ని చెరిపేసి, పిడి మీద స్వస్తిక ఉన్న కత్తిని పెట్టారు. కత్తి ఎత్తనన్న మనిషి స్థానంలో కత్తి. అది చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. 1945లో, వాళ్ళు ఓడిపోయాక, మారిస్ తిరిగి వచ్చాడు.

2020లో ఈ బొమ్మని తీసేయాలని కొందరు సంతకాలు సేకరించారు, ఉంచాలని మరికొందరు. లావు పెదవులు, చెవిపోగు: నల్లవాళ్ళంటే ఇలాగే ఉంటారని యూరప్‌లో గీసిపెట్టుకున్న మూస అది. అది చూసి నొచ్చుకున్నవాళ్ళ బాధ న్యాయమైనదే. కానీ మారిస్‌ని తీసేస్తే నాజీలు చేసిన పనే మళ్ళీ చేసినట్టవుతుందని నా మనసుకి అనిపిస్తుంది. జర్మనీలోనే మాగ్డెబర్గ్ అనే ఊరి పెద్ద చర్చిలో 13వ శతాబ్దపు మారిస్ శిల్పం ఉంది. గొలుసు కవచం తొడుక్కున్న ఆఫ్రికా యోధుడు, నిండైన మనిషి మొహం. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి శిల్పికి చేతనైనది ఇప్పటి చిత్రకారులకి చేతకాదా? మనిషిని ఉంచి, బొమ్మని మార్చమని నేనైతే అడుగుతాను.